పద్నాలుగో తొడుగు

రోజుకి ఇరవైరెండు గంటలు, అంది డాక్టరమ్మ,
మిగిలిన రెండూ నీవి.
మోంతెవిదేయోలో రెండు గంటలతో ఎవరూ బతకలేరని
ఆవిడకి తెలియకేం.
ఆవిడ బల్ల మీదా ఉంది ఫ్లాస్కు.

ఇక్కడ జనం చంకలో ఫ్లాస్కుతోనే పుడతారు.
అరచేతిలో పట్టే సొరబుర్ర, అందులో మాతే ఆకు,
ఒక వెండి గొట్టం.
ఒకరు వేడినీళ్ళు పోస్తారు, అదే గొట్టంతో అందరూ పీలుస్తారు.
ఎంగిలి అనే మాటకి ఈ ఊళ్ళో పని లేదు.
నియమం ఒక్కటే:
గ్రాసియాస్ అన్నావా, ఇక చాలని అర్థం.
అంతవరకూ వంతు వస్తూనే ఉంటుంది.

మొదటి సోమవారం
వాల్దెమార్ చాచిన బుర్ర ఆవిరి నా ముక్కుకి తగిలింది.
వేడికి తొడుగు వంకరపోతుంది.
"గ్రాథియాథ్," అన్నాను.
స్టాంపులు కొట్టే చేతులు ఆగిపోయాయి.
"మాడ్రిడ్ నుంచి ఎప్పుడు దిగావే ఎదెల్మా?" అంది సుల్మా.
అందరితో పాటు నేనూ నవ్వాను, పెదాలు విప్పకుండా.
బుర్ర నన్ను దాటి నీబియా దగ్గరికి వెళ్ళింది,
బంతిలో ఒక్క విస్తరిని మరిచిపోయిన నేతిగిన్నెలా.

ఎవరి కోసమే ఈ వయసులో, అని అడిగారు.
గుర్తింపు కార్డుల ఆఫీసులో నా ఉద్యోగం
కెమెరా ముందు కూర్చున్న వాళ్ళకి
నవ్వకండి, అని చెప్పడం.
ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పాను.
నా కోసమే అంటే ఎవరూ నమ్మలేదు.
నేను మాత్రం నమ్మానా?

కొత్త తొడుగు వేసిన రాత్రి
పళ్ళన్నీ కొత్త చెప్పుల్లో పాదాల్లా ఉంటాయి.
నాలుక ఊరుకోదు. అంచు అంచూ తడిమి
ఎక్కడ గీసుకుంటుందో కనిపెట్టి
పొద్దున్నదాకా అక్కడే కాపలా కాస్తుంది.
గోళ్ళ ఆకురాయితో ఆ అంచు అరగదీశాను.
డాక్టరమ్మకి చెప్పలేదు.

ఆరో తొడుగుని మాంసం హోటల్లో కాగితంలో చుట్టి
పళ్ళెం పక్కన పెట్టి మరిచిపోయాను.
కుర్ర సర్వరూ నేనూ చెత్తడబ్బాలో మోచేతిదాకా దిగాం.
ఎముకలు, నిమ్మచెక్కలు, ఎవరిదో పుట్టినరోజు కొవ్వొత్తి.
దొరికినప్పుడు వాడు దాన్ని లైటు కింద ఎత్తి చూపించాడు,
"సెన్యోరా, మీ నవ్వు," అని.

ఇవన్నీ సర్దుకున్నాయి.
స అనే అక్షరం మూడో వారానికి తిరిగొచ్చింది.
సంచిలో బ్రష్షు, నీలం డబ్బా,
ఆఫీసు కుళాయి దగ్గర తలవంచి పుక్కిలింత,
తినాలనిపించినప్పుడల్లా ఇంత తంతా అని మానేసిన బిస్కత్తు.

సర్దుకోనిది ఒక్కటుంది.
ముందు పళ్ళ మధ్య నాకొక సందు ఉండేది.
ఎనిమిదేళ్ళప్పుడు అందులోంచి ఈల కనిపెట్టాను.
అన్నయ్యలు వేళ్ళు నోట్లో పెట్టుకున్నా రానిది
నాకు ఊరికే వచ్చేది,
వీధి చివర బస్సు ఆగేంత.
నిన్న సాయంత్రం నది ఒడ్డున
గట్టు కింద చేపతలతో కుస్తీ పడుతున్న పొరోతోని పిలిచాను.
గాలి వచ్చింది. ఈల రాలేదు.
మళ్ళీ ఊదాను. చల్లారుతున్న కెటిల్ లాంటి చప్పుడు.
కుక్క తలెత్తి చూసింది,
అటూ ఇటూ చూసింది,
పిలిచే మనిషి ఇంకా రాలేదన్నట్టు.
చప్పట్లు కొట్టాను. అది రావడానికి చాలాసేపు పట్టింది.

ఇంటికొచ్చి సొరుగు తీశాను.
పదమూడు తొడుగులు, కడిగి ఆరబెట్టినవి,
ఎవరూ లేని నవ్వులు.
మొదటిది తీసి వేసుకోబోయాను, ఒక్క ఈల కోసం.
ఎక్కలేదు.
నా నోరే, నా కొలతే, పట్టలేదు.

ఈరోజు పన్నెండు కొట్టగానే
వాల్దెమార్ ఏమీ అనకుండా ఆకు మార్చి
నీళ్ళు కొత్తగా కాచాడు.
డబ్బా మూత టక్కుమంది.
నా వంతు వచ్చింది, ఇంకోసారి వచ్చింది, మూడోసారీ వచ్చింది.
చేదు.
గోడ మీద గడియారం నన్నే చూస్తోంది.
నేను ఇంకా గ్రాసియాస్ అనలేదు.